సగం గుడ్డు

ఎగ్ పఫ్ కొరికితే గుడ్డు తగలాలి. మొదటి కొరుకుకే తగలాలి. నేను బస్సు దిగే చోట ఒక బేకరీ ఉంది. అక్కడ ఒకప్పుడు నిలువుగా కోసిన సగం గుడ్డు పెట్టేవాళ్లు. తర్వాత అది మూడో వంతయింది, ఇప్పుడు నాలుగో వంతు. మొన్న నాకొచ్చిన ముక్కలో పచ్చసొన చుట్టూ బూడిద కలిసిన ఆకుపచ్చ చార, కొరకగానే గంధకం వాసన. అడిగితే, "రేటు పెరిగిందక్కా" అన్నాడు కౌంటర్ దగ్గరి పిల్లవాడు.

గుడ్డు రేటు సంగతి వరంగల్ వాళ్లకు కొత్తేం కాదు. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, అందరి నోటా నెక్, రోజూ ప్రకటించే ధరల పట్టికలో హైదరాబాద్, విజయవాడలతో పాటు వరంగల్‌కూ వేరే వరుస ఉంటుంది. శ్రావణంలో తినేవాళ్లు తగ్గి ధర దిగుతుంది, చలికాలంలో ఎక్కుతుంది. ఎక్కినప్పుడు రెండు రూపాయలు ఎక్కువ తీసుకోండి, ఇస్తాం. గుడ్డును మాత్రం తగ్గించొద్దు. రేటు దిగాక ఆ ముక్క మళ్లీ సగం గుడ్డు కావడం నేనెప్పుడూ చూడలేదు.

అందుకే పఫ్‌లు ఇంట్లో చేసి ఆఫీసుకు పట్టుకెళ్తున్నాను. మా ఆఫీసు సుబేదారిలో. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకు, శుక్రవారం లక్ష్మీదేవికి, శనివారం వెంకటేశ్వరస్వామికి నీసు ముట్టనివాళ్లు సెక్షన్‌లో ఎవరో ఒకరు ఉంటారు. మిగిలింది బుధవారం. అది ఎగ్ పఫ్ రోజు. కార్తీకంలో అదీ కుదరదు. ఆఫీసు వదలగానే సగం మంది వేయిస్తంభాల గుడిలో, 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో, దీపాలు పెట్టడానికి పోతారు. ఆ నెలంతా ఆలూ పఫ్‌లే. మామూలు బుధవారాల్లో కూడా గుడ్డు తిననివాళ్ల కోసం ఆలూవి వేరే ట్రేలో, ముందుగా కాలుస్తాను. వాటి మీద గుడ్డు పూత పూయను, పాలు రాస్తాను, గుర్తుకు నువ్వులు చల్లుతాను. డబ్బా కూడా వేరే. మా పెద్దసారు మొదట్లో "నువ్వులున్నదే కదమ్మా నాది?" అని అడిగి మరీ తీసుకునేవారు. ఇప్పుడు అడగరు, తనే డబ్బా తెరుస్తారు.

పఫ్ అంటే అందరూ పొరల గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు పనంతా గుడ్డు ఉడకబెట్టడంలోనే ఉంది. దానికి ఇవ్వాల్సిన మర్యాద ఎవరూ ఇవ్వరు. గిన్నెలో పడేసి, పక్క పొయ్యి మీద అన్నం దించేదాకా మరగనిచ్చి, గుర్తొచ్చినప్పుడు ఆపేస్తారు. ఆ ఆకుపచ్చ చార అక్కడే పుడుతుంది. తెల్లసొనలోని గంధకం వేడికి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువై లోపలికి చేరి, పచ్చసొన అంచున ఉన్న ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. తింటే హానేం లేదు గానీ పచ్చసొన పొడిపొడిగా రాలుతుంది, వాసన మిగులుతుంది. పైగా పఫ్‌లో పెట్టే గుడ్డుకు రెండుసార్లు వేడి తగులుతుంది. ఒకసారి నీళ్లలో, మళ్లీ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు. కాబట్టి మొదటిసారి పూర్తిగా ఉడకనివ్వకూడదు. మరిగే నీళ్లలో 8 నిమిషాలు, వెంటనే కుండలోని చల్లనీళ్లలోకి. పచ్చసొన నడిమధ్య ఇంకా కాస్త తడిగా, ముదురు పసుపు రంగులో ఉండాలి.

మరిగే నీళ్లలో అన్నాను, చల్లనీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టమనలేదు. చల్లనీళ్లతో మొదలుపెడితే తెల్లసొన మెల్లగా గట్టిపడుతూ లోపలి పొరకు అతుక్కుంటుంది. ఒలుస్తుంటే పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడొస్తుంది. మరిగే నీళ్లలోకి దిగితే పైభాగం ఒక్కసారిగా బిగుసుకొని పొర విడిపోతుంది. రెండు పద్ధతులూ రెండు గిన్నెల్లో పక్కపక్కనే పెట్టి చూశాను, ఒలిచే వేలికే తేడా తెలుస్తుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టినా అంతే బాగా వస్తాయి. ఇంకో మాట, మరీ తాజా గుడ్డు ఒలవడానికి పనికిరాదు. కొత్తలో తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది పెంకు రంధ్రాల్లోంచి బయటికి పోయి, తెల్లసొనలో క్షారగుణం పెరిగి, పొర పట్టు సడలుతుంది. అందుకని ఈ బుధవారం పఫ్‌లకు గుడ్ల ట్రే కిందటి వారమే తెచ్చిపెడతాను. ఊరి నుంచి మా వదిన పంపే నాటుకోడి గుడ్లు వచ్చిన రోజే ఆమ్లెట్ అయిపోతాయి. ఒలిచేటప్పుడు వెడల్పు వైపు తట్టి మొదలుపెట్టండి, గాలి ఉండే గది అక్కడే.

పొరలు వరంగల్‌లో చలికాలపు ముచ్చట. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మేలో ఇక్కడ ఎండ 40 దాటుతుంది. బేకరీల్లో వాడే గట్టి మార్గరిన్ అంత త్వరగా కరగదు, అందుకే తిన్నాక అంగిట్లో అతుక్కుంటుంది. నేను వెన్నతోనే చేస్తాను, దసరా దాటాక మొదలుపెట్టి శివరాత్రి దాకా. మైదా ముద్దలో వెన్న పలక పెట్టి, మూడు మడతలు వేసి వత్తి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ మడవాలి. అలా నాలుగుసార్లు చేస్తే 81 వెన్న పొరలు.

గుడ్డు కోయడానికి కత్తి వద్దు. కుట్టుమిషన్ దారం గుడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి లాగితే పచ్చసొన చెదరకుండా సరిగ్గా రెండు బద్దలవుతుంది. కోసిన వైపు మసాలా మీద బోర్లించాలి, అప్పుడు ఓవెన్ వేడి పచ్చసొనకు నేరుగా తగలదు.

ఈ దారం పని చిన్నప్పుడు ఎనుమాముల మార్కెట్ దగ్గర చూశాను. మా బాపు మిర్చి అమ్మడానికి పోతూ నన్నూ బండెక్కించుకునేవాడు. గేటు బయట ఒకావిడ సిల్వర్ గిన్నెలో ఉడికిన గుడ్లు పెట్టుకొని కూర్చునేది. దారం ఒక కొస పళ్ల మధ్య, ఇంకో కొస చేతిలో. గుడ్డును చిటికెలో కోసి, ఉప్పూ కారం, సన్నగా తరిగిన ఉల్లిపాయ మధ్యలో పెట్టి, "తిను బిడ్డా, సల్లారకముందే" అనేది. బాపు తనకు కొనుక్కునేవాడు కాదు. కాంటా అయి తక్‌పట్టీ చేతికొచ్చేదాకా టీ తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. ధర పడని రోజు బస్తాల మీదే పడుకునేవాళ్లం.

ఆవిడ చల్లే కారం చపాట మిర్చిది. పఫ్ మసాలాలో నేను వేసేదీ అదే. కాయ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. ఉల్లిపాయ వేగాక చెంచాడు వేస్తే నూనె ఎర్రగా తేలుతుంది, గుడ్డు రుచి గుడ్డుకు మిగులుతుంది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది బాపు ఉండగా రావలసింది. ప్యాకెట్లలో దొరికే పొడి కొనకండి, కాయే కొనండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మార్కెట్‌కు కొత్త పంట దిగుతుంది. ఒక కాయ తీసి విరిచి చూడండి. టప్పున విరిగి, లోపల గింజ పసుపుగా కనిపిస్తే బాగా ఎండినట్టు. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే, ఎంత ఎర్రగా ఉన్నా తీసుకోవద్దు.