సెకండ్ గేర్‌లో న్యూ మెక్సికో

అమరిల్లో, టెక్సాస్

నాన్నగారికి,

పొద్దున డల్లాస్‌లో బయలుదేరి, 287 నంబరు రోడ్డు పట్టుకుని సాయంత్రానికి ఇక్కడికి చేరాం. అత్తయ్యగారికి వ్యాన్ ప్రయాణం బాగా పడింది. మధ్య సీట్లో కాళ్ళు చాపుకుని పిల్లలకు తన చిన్ననాటి సంగతులు చెబుతూ వచ్చారు. అందుకే మా ఆయన విమానం అన్నా నేను వ్యానే అన్నాను. 2001 మోడలే అయినా ఇంజను ఇంకా గట్టిగా ఉంది.

క్లచ్ లేని పాత బండిని నమ్ముకుని గ్రాండ్ కాన్యన్ దాకానా అని ఫోన్‌లో అడిగారు. ఆర్టీసీ డిపోలో అన్నేళ్ళు క్లచ్ ప్లేట్లు మార్చిన మీకు ఆ అనుమానం రావడం సహజం. దీంట్లో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. తిరుగుతున్న ఫ్యాన్‌కి ఎదురుగా ఆపేసిన ఫ్యాన్ పెడితే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా, ఇక్కడ గాలి బదులు ఆయిలు. ఎత్తు ఎక్కేటప్పుడు రెండింటి వేగాలకీ తేడా పెరుగుతుంది, అదంతా ఆయిల్లోకి వేడిగా దిగుతుంది. హైవే మీద నిలకడగా పోతుంటే లోపలున్న ఒక క్లచ్ ఆ రెండింటినీ కలిపి పట్టేస్తుంది. గేర్లు మార్చేది కూడా ఆయిల్ ప్రెజరే. అందుకని ఈ గేర్‌బాక్సుకి ప్రాణమంతా ఆయిల్లోనే ఉంది.

హోటల్‌కి రాగానే డిప్‌స్టిక్ తీసి చూశాను. ఇంజను ఆయిల్ చూసినట్టు దీన్ని చూడకూడదు. బండి బాగా తిరిగి వేడెక్కాక, చదునైన చోట, ఇంజను ఆన్‌లో ఉంచి, లీవర్ పార్క్‌లో పెట్టి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువైందని పోసేస్తే, వేడెక్కాక అది ఎక్కువవుతుంది. అప్పుడు తిరిగే గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది కాబట్టి ప్రెజర్ నిలవదు. మట్టం సరిగ్గా ఉంది. దీనికి ఏటీఎఫ్ ప్లస్ ఫోర్ అనే ఆయిలే వాడాలి, ఎరుపు రంగులో ఉంది కదా అని ఏదో ఒకటి పోయకూడదు.

చీకటి పడకముందు క్యాడిలాక్ రాంచ్ చూశాం. పది కార్లని ముక్కు భూమిలోకి పెట్టి వరసగా పాతేశారు, 1974లో. వచ్చినవాళ్ళంతా వాటిమీద రంగులు చల్లిపోతారు. పిల్లలకి సంబరం. నాకు మాత్రం నడవగలిగిన బండిని పాతిపెట్టడం కష్టంగానే అనిపించింది.

మోరియార్టీ, న్యూ మెక్సికో

నాన్నగారికి,

మీ అనుమానమే నిజమైంది, కానీ కంగారు పడకండి, అందరం క్షేమం.

సాంటా రోసా దాటాక రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది. క్లైన్స్ కార్నర్స్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 7,000 అడుగుల ఎత్తు. ఆ ఎక్కుడులో స్పీడోమీటర్ ముల్లు వణకడం మొదలుపెట్టి, ఉన్నట్టుండి సున్నాకి పడిపోయింది. బండి మాత్రం పోతూనే ఉంది. మరుక్షణం ఒక కుదుపు, ఇంజను గీ పెట్టింది. ఎంత తొక్కినా పై గేరు పడదు. అత్తయ్యగారు "ఆంజనేయా" అన్నారు. హజార్డ్ లైట్లు వేసి, పక్కకి తీసి, ఇంజను ఆపాను. కాసేపాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నాలుగు గేర్లూ పడ్డాయి. మోరియార్టీ దగ్గరకి రాగానే మళ్ళీ అదే వరస.

దీన్ని లింప్ మోడ్ అంటారు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి ఏదైనా లెక్క తప్పిందనిపిస్తే సొలనాయిడ్లకి కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేకపోతే మా బండికి మిగిలేవి పార్క్, రివర్స్, న్యూట్రల్, సెకండ్, అంతే. లోపలి ప్లేట్లు జారి కాలిపోకుండా, మనిషి ఇంటికి చేరేలా పెట్టిన ఏర్పాటది. చాలామంది దీన్ని చూసి గేర్‌బాక్స్ పోయిందనుకుంటారు. నాకలా అనిపించలేదు. ప్లేట్లు అరిగి ఉంటే తాళం తిప్పి మళ్ళీ స్టార్ట్ చేసినంత మాత్రాన బాగవుతాయా? అరిగిన ఇనుముకి ఆపి మళ్ళీ వేయడం తెలియదు. పైగా గేరుకంటే ముందు పోయింది స్పీడోమీటర్. ఆ ముల్లుకి లెక్క పంపేది గేర్‌బాక్స్‌కి బిగించిన అవుట్‌పుట్ స్పీడ్ సెన్సరే. ఈ రాత్రి దాన్ని గురించే ఆలోచిస్తున్నాను.

ఆల్బుకర్కీ

నాన్నగారికి,

హైవే ఎక్కకుండా పాత రూట్ 66 మీదుగా, ఇప్పుడు 333 నంబరు రోడ్డంటారు, సెకండ్‌లోనే నలభై మైళ్ళ వేగంతో వచ్చాం. తిహేరస్ లోయలో దిగుడంతా ఇంజనే బండిని పట్టి ఉంచింది, బ్రేకు మీద కాలు పెట్టే పని పెద్దగా పడలేదు.

ముందు ఒక షెడ్డుకి వెళ్ళాం. ఆయన స్కానర్ పెట్టాడు, పీ 0700 అని వచ్చింది. అంతే, గేర్‌బాక్స్ దింపి మొత్తం కట్టాలి, రెండు వేల డాలర్ల పైమాటే అన్నాడు. నాకు కోపం వచ్చింది, నాన్నగారూ. 1996 మోడల్ నుంచి ఈ దేశంలో అమ్మిన ప్రతి పెట్రోలు కారుకీ ఇలాంటి కోడ్లు చదివే వీలుంది. పీ 0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్ళి దాన్నడుగు అని మాత్రమే. అసలు ఫిర్యాదు ఏమిటో చదవకుండానే గేర్‌బాక్స్ దింపుతాననడం అన్యాయం. ఆయిల్ నల్లగా ఉందని కూడా అన్నాడు. ఈ రకం ఆయిల్‌కి కాలంతో రంగూ వాసనా మారడం మామూలే, వాటిని బట్టి నిర్ణయించకూడదు. చూడాల్సింది అందులో ఇనుప రజను ఉందా అని. డిప్‌స్టిక్ తెల్ల గుడ్డకి తుడిచి చూపించాను, రజను లేదు.

మరో మెకానిక్ దగ్గర గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని కూడా చదివే స్కానర్ ఉంది. పీ 0720 అని వచ్చింది, అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్. మా గేర్‌బాక్స్‌లో ఇలాంటివి రెండున్నాయి. లోపలికి వచ్చే వేగాన్ని ఒకటి, బయటికి పోయే వేగాన్ని ఇంకొకటి పళ్ళు లెక్కపెట్టి చెబుతాయి. రెండింటి నిష్పత్తిని బట్టే ఏ గేరు పడిందో కంప్యూటర్‌కి తెలుస్తుంది. ఒకటి నోరు మూస్తే లెక్క కుదరదు, గేరు జారుతోందనుకుని సెకండ్‌లో బిగిస్తుంది.

సెన్సర్ విప్పకముందే దాని కనెక్టర్ తీసి చూడమన్నాను. మీరు హెడ్‌లైట్ వెలగలేదంటే బల్బు మార్చకముందు హోల్డర్ చూసేవారు, అది గుర్తొచ్చింది. రెండు పిన్నులున్నాయి. ఒకటి శుభ్రంగా మెరుస్తోంది, రెండోదాని మొదలు దగ్గర పచ్చని చిలుము. లోపలి రబ్బరు సీలు ఒక పక్క చిట్లి ఉంది, దాంట్లోంచే ఇన్నాళ్ళూ నీళ్ళు చేరాయి. చిలుము గీకి, స్ప్రే కొట్టి, సెన్సర్ కూడా కొత్తది వేశాం, ముప్పై డాలర్ల లోపే. స్క్రూలా తిప్పితే వచ్చేస్తుంది. కాస్త ఆయిల్ కారింది, అంతే కొలిచి పోశాం. కొత్త సీలుతో కనెక్టర్ బిగించాం. పాతదాన్ని మెకానిక్ నా చేతిలో పెట్టాడు, బొటనవేలంత ప్లాస్టిక్, చివర అయస్కాంతం.

గ్యాలప్, న్యూ మెక్సికో

నాన్నగారికి,

కాంటినెంటల్ డివైడ్ దాటాం, 7,200 అడుగుల పైన. ముల్లు వణకలేదు. పొడుగు ఎక్కుళ్ళలో లీవర్ డి నుంచి 3కి మార్చుకున్నాను. మూడుకీ నాలుగుకీ మధ్య ఊగిసలాడటం ఉండదు, ఆయిల్ కూడా తక్కువ వేడెక్కుతుంది. రేపు కాన్యన్. ఇంటికి చేరాక ఆయిలూ ఫిల్టరూ మార్పించి, రెండో సెన్సర్ కనెక్టర్ కూడా విప్పి చూస్తాను. దాని వయసూ అంతే కదా.

తమ్ముడు విజయవాడలో పాత ఆటోమేటిక్ కారు చూశానని రాశాడు. అది ఏఎంటీ అయితే నేను రాసినవి చాలావరకు దానికి పనికిరావని చెప్పండి. అందులో టార్క్ కన్వర్టర్ ఉండదు, మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన కాలికి బదులు ఒక యంత్రం దాన్ని తొక్కుతుందంతే. కాబట్టి మీరు వెంట వెళ్ళండి. ఎత్తులో ఆపి కదిలించమనండి, వాసన చూడండి, క్లచ్ ఎంత మిగిలిందో స్కానర్‌లో చూపించమనండి. మీరు చూడకుండా వాణ్ణి అడ్వాన్స్ ఇవ్వనివ్వకండి.

మీ అమ్మాయి