పైసా లేని సబీల్

మా బేటీ డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. ప్రాజెక్టుకు సాఫ్ట్‌వేర్ కావాలి. కొనే హైసియత్ లేదు. దొంగ కాపీ ఎక్కించుకోమని ఎవరో సలహా ఇస్తే, "అబ్బా, అది చోరీ కదా!" అంది.

బేస్తవారిపేటలో మా ఇంట్లో ఉన్నది పాత ల్యాప్‌టాప్. అందులో ఉబుంటు ఉంది. టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ అప్‌డేట్', ఆ తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్-బేస్' అని కొట్టింది. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు కనబడవు, ఘబరాయించకండి. కాసేపటికి 'ఆర్' దిగిపోయింది. పైసా ఖర్చు లేదు.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీన్ని మొదలుపెట్టారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఎండాకాలం సబీల్ పెట్టినవాళ్లు తాగేవాళ్ల జాత్ అడగరు, వీళ్లూ అడగలేదు. పైసల్లేవని బచ్చీల చదువు ఆపకండి, భాయ్.