వ్యాను ఇంజనుకు ఊపిరి

వాహనానికి ఇంజను మార్చవలసి వచ్చినప్పుడు గేరుబాక్సు కుదురుతుందా, మౌంటింగులు సరిపోతాయా, రేడియేటరు చాలునా అని అందరూ ఆలోచిస్తారు. గాలి సంగతి మాత్రం పెయింటు వేసే వేళకు గాని జ్ఞాపకం రాదు. ఒక్క లీటరు డీజిలు దహనం చెందడానికి పది వేల లీటర్లకు పైగా గాలి కావాలంటే చాలామంది విస్తుపోతారు. డబ్బు పెట్టి కొనే వస్తువు మీద ఉండే శ్రద్ధ ఉచితంగా లభించే దానిమీద ఉండదు కదా!

1997లో నేను బైలడిల్లా ఇనుప గనుల ప్రాంతమైన బచేలిలో పని చేస్తున్నాను. అప్పటికి అది మధ్యప్రదేశ్. 2000 నుండి ఛత్తీస్‌గఢ్ అయినది. కొత్తవలస నుండి వచ్చే రైలుమార్గం పుణ్యమా అని అక్కడ తెలుగు కుటుంబాలకు కొదువ లేదు. మా బావమరిది శృంగవరపుకోట నుండి వచ్చి, భార్య నగలు బ్యాంకులో కుదువపెట్టి, బడి పిల్లలను తీసుకువెళ్ళడానికి ఒక పాత మటాడోర్ వ్యాను కొన్నాడు. ఎనిమిది నెలలు తిరగకముందే బండి నీలిపొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేక చతికిలబడింది. ఇంజను విప్పి చూస్తే లైనర్ల పైభాగాన గోరు తట్టుకునేంత మెట్టు పడి ఉన్నది. కారణం వెదకగా ఫిల్టరుకు, ఇంజనుకు మధ్యనున్న రబ్బరు గొట్టం చీలి ఉండడం, దానికి లోగడ ఎవరో గుడ్డపేలిక చుట్టి ఉంచడం బయటపడినవి. ఫిల్టరు దాటిన తరువాత గొట్టంలో ఉండేది చూషణ. అక్కడ సన్నని చీలిక ఉన్నా చాలు, వడపోతతో నిమిత్తం లేకుండా ధూళి నేరుగా సిలిండరులోకి పోతుంది. ఇనుప ఖనిజపు ధూళి ఎంత కఠినమో మా గనుల్లో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు.

విశాఖపట్నంలోని పాత సామాన్ల దుకాణంలో 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను ఒకటి దొరికింది. దానికి ఫిల్టరు పెట్టె లేదు. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను క్రింద అనుమతికై తిరగడం, గేరుబాక్సు తంటాలు వేరే కథ. గాలి సంగతి చూడమని మా బావమరిది నన్ను పట్టుకున్నాడు.

"పాత ఫిల్టరే బిగించెయ్యమంటున్నాడు బావగారూ మేస్త్రీ. మీరేమంటారు?"

పాతది నూనె తొట్టి రకం. గాలి క్రిందికి దిగి, నూనెను తాకి, వైరు జాలీ గుండా పైకి తిరుగుతుంది. ధూళి నూనెలో చిక్కుకుంటుంది. పాత కాలపు మంచి సాధనమే. కాని ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వేగం చాలక సన్నని ధూళి తప్పించుకుంటుంది. పైగా ఘాటు రోడ్డు మీద బండి వాలినప్పుడు నూనె ఒక ప్రక్కకు ఒరుగుతుంది. గుర్తుకు మించి నూనె పోస్తే ఇంజను దాన్ని పీల్చుకుంటుంది. డీజిలు ఇంజనుకు ఆ నూనె కూడా ఇంధనమే! అప్పుడు తాళం త్రిప్పినా, డీజిలు ఆపినా ఇంజను ఆగదు. వేగం పెంచుకుంటూ పోయి తన్ను తాను నాశనం చేసుకుంటుంది. పిల్లలను ఎక్కించే బండికి ఆ అపాయం ఎందుకు? అదీగాక ఆ తొట్టి పాత చిన్న ఇంజనుకు తగినది.

కొత్త ఇంజనుకు ఎంత గాలి కావాలో కాగితం మీద లెక్కవేశాను. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలి పీలుస్తుంది. 2.4 లీటర్లు, నిమిషానికి 4000 చుట్లు అనుకుంటే 4800 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు గనుక నూటికి 85 పాళ్ళు తీసుకుంటే సుమారు 4000 లీటర్లు, అనగా 4 ఘనపు మీటర్లు.

దుకాణదారు 50 అశ్వశక్తుల ట్రాక్టరు ఫిల్టరు చూపించి, ఇది చాలునన్నాడు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఫిల్టరు కొలిచేది అశ్వశక్తిని కాదు, గాలిని. మూడు లీటర్ల ట్రాక్టరు ఇంజను 2200 చుట్ల దగ్గర పీల్చేది 2800 లీటర్లే. కనుక నిమిషానికి 6 ఘనపు మీటర్లు భరించగల లారీ ఫిల్టరు డబ్బా ఎన్నుకున్నాము. వెలుపల కాగితపు ఎలిమెంటు, దాని లోపల రక్షణ కోసం మరొక చిన్న ఎలిమెంటు, అడుగున దుమ్ము రాల్చే రబ్బరు మూతి. వర్కుషాపు కుర్రవాడొకడు నూనె రాసిన నూలు వడపోత వేస్తే 'పికప్' అదిరిపోతుందన్నాడు. పందెపు కార్లకు సరే. సన్నని ధూళిని ఎక్కువగా వదిలే ఆ సాధనం ఎర్రమట్టి సీమకు తగదు.

తరువాత గాలి ఎక్కడి నుండి తీసుకోవాలన్న ప్రశ్న. మటాడోర్‌లో ఇంజను డ్రైవరు ప్రక్కనే మూత క్రింద ఉంటుంది. అక్కడి వేడి గాలి పీలిస్తే నష్టం. 30 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి తీసుకుంటే దాని సాంద్రత నూటికి తొమ్మిది పాళ్ళు తగ్గుతుంది. శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. బండి క్రింది నుండి తీసుకుంటే చక్రాలు లేపే దుమ్ము, వానకాలంలో నీరు. నీరు అణగదు. ఒక్కొక్క సిలిండరు 600 ఘ.సెం.మీ.; పీడన నిష్పత్తి 21 అయితే పిస్టను పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 30 ఘ.సెం.మీ. మాత్రమే. అంటే రెండు పెద్ద చెంచాల నీరు కనెక్టింగు రాడ్డును వంచగలదు. అందువల్ల డ్రైవరుకు ఎడమవైపు స్తంభం వెంబడి అద్దం పైదాకా ఒక ఇనుప గొట్టం లేపి, కొనకు పుట్టగొడుగు వంటి టోపీ పెట్టించాము. మెత్తని గొట్టం చూషణకు లోపలికి నొక్కుకుపోతుంది గనుక, ఫిల్టరు తరువాత తీగ చుట్టిన గొట్టమే వాడి, ప్రతి జాయింటుకు రెండేసి క్లిప్పులు బిగించాము.

ఇదంతా సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మేము చేసిన పరీక్ష ఇంటిలో చేసుకోదగినది. తాపీ పనివారు మట్టం చూసే పారదర్శకపు గొట్టాన్ని స్కేలు ప్రక్కన యు ఆకారంలో బిగించి, సిరా కలిపిన నీరు పోసి, ఒక కొసను ఫిల్టరు దాటిన చోట గొట్టానికి తగిలించాము. ఆకాశనగర్ కొండ ఎక్కేటప్పుడు, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉండగా, నీటి మట్టాల తేడా 200 మిల్లీమీటర్లు చూపింది. మా బావమరిది బండి నడుపుతుంటే నేను స్కేలు చదివాను. వెనుక కూర్చున్న మా అబ్బాయికి అదొక వినోదం. ఎలిమెంటు మూసుకుపోతున్నకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. 500 దగ్గర మార్చాలని నిశ్చయించుకున్నాము.

ఆ అంకె చేరకుండా ఎలిమెంటును ముట్టవద్దని అతనికి గట్టిగా చెప్పాను. రోజూ తీసి నేలకేసి కొట్టి దులిపేవారిని చూస్తూనే ఉంటాము. కాగితపు ఎలిమెంటుపై పలుచని ధూళి పొర ఏర్పడిన తరువాత అది మరింత బాగా వడపోస్తుంది. పదేపదే దులిపితే కాగితం చిల్లుపడుతుంది, సీలు చెడుతుంది. తప్పనిసరైతే లోపలి నుండి తక్కువ పీడనపు గాలి ఊది, లోపల బల్బు పెట్టి వెలుతురు కారుతున్నదేమో చూడాలి. ఇక నెలకొకసారి ఫిల్టరు తరువాతి గొట్టాన్ని తెల్లగుడ్డతో లోపల తుడవాలి. మా ధూళి ఎర్రనిది గనుక దొంగ వెంటనే పట్టుబడతాడు. మొదటి నెలలోనే ఒక క్లిప్పు వద్ద లేత ఎర్రచార కనబడగా దానిని బిగించాము. ఆ తరువాత గుడ్డ తెల్లగానే ఉండేది.

నగలు రెండేళ్ళలో ఇంటికి వచ్చినవి. వ్యాను 2008 వరకు ఆ ఇంజనుతోనే తిరిగింది. కొన్న ఆసామి బండి చుట్టూ తిరిగి చూసి, అంతా బాగున్నదిగాని ముందు ఆ పొగగొట్టం అసహ్యంగా ఉన్నది, కోయించేస్తానన్నాడు. అది పొగగొట్టం కాదని మా బావమరిది అతనికి అరగంట సేపు చెప్పాడు.