గుండె దడ.. పది రోజులు దాచిపెట్టా!

రాత్రి రెండున్నర. బాబుకి పాలిచ్చి ఉయ్యాల్లో పడుకోబెట్టా. వాడు నిద్రపోయాడు. నా గుండె మాత్రం నాలుగంతస్తులు పరుగెత్తుకుంటూ ఎక్కినట్టు దడదడలాడుతోంది. చేతికున్న వాచీలో చూస్తే 112. పడుకుంటే తగ్గుతుందేమో అనుకున్నా. పడుకున్నాక ఆ చప్పుడు చెవిలోనే వినిపించింది.

కాన్పై అప్పటికి ఏడు వారాలు. బల్కంపేటలో అమ్మ దగ్గరే ఉన్నా. ఎల్లమ్మ తల్లి కల్యాణం దగ్గర పడుతుండటంతో వీధంతా సందడి. పగలు ఆ హడావుడిలో దడ అంతగా తెలిసేది కాదు. రాత్రయితే అదే పని.

ఫోన్‌లో వెతికా. ఒకచోట ‘మామూలే’ అని ఉంది, ఇంకోచోట ‘గుండె జబ్బు’ అని ఉంది. రెండూ చదివాక దడ ఇంకా పెరిగింది. అయినా పది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఏమీ లేదని తేలితే నవ్వుతారు. ఏదైనా ఉందని తేలితే వీడి గతేంటి? ఇదీ నా భయం.

నిజానికి నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నదాన్ని. బగ్ కనిపిస్తే ముందు రిపోర్ట్ చెయ్యాలి, చిన్నదా పెద్దదా అన్నది తర్వాత చూసుకోవాలి. ఆ ఉద్యోగంతోనే జీతం తీసుకున్నా. నా ఒంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం మర్చిపోయా.

ఒకరోజు పొద్దున నీళ్ల బకెట్ ఎత్తబోతే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నా. అమ్మ చూసింది. ‘‘ఏమైంది బిడ్డా?’’ అంది. అంతా చెప్పేశా. దిష్టి తీస్తుందేమో అనుకున్నా. కానీ బాబును ఎత్తుకుని, చెప్పులేసుకుని, ‘‘నడువు, డాక్టర్ దగ్గరికి’’ అంది.

డాక్టరమ్మ ముందు కొన్ని ప్రశ్నలడిగారు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా? కాళ్లు వాచాయా? ఛాతీలో నొప్పి ఉందా? స్పృహ తప్పావా? అన్నిటికీ లేదన్నా. ‘‘వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి’’ అన్నారు. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ అదుపు తప్పుతుందట. అరుదుగా గుండె కండరమే బలహీనపడుతుందట. నిద్రలేమి, ఆందోళన కూడా దడ తెప్పిస్తాయట. ‘‘అందుకే పరీక్ష చెయ్యకుండా మామూలే అని నేను చెప్పను’’ అన్నారు. ఆ మాటకే నాకు సగం ధైర్యం వచ్చింది.

ఈసీజీ బాగుంది. థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ మాత్రం 8.6. గర్భంతో లేని ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చాలని చూస్తుంది. అదీ నా దడ.

‘‘ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా?’’ అన్నారు. తలొంచుకున్నా. కాన్పైపోయింది కదా, ఇంకెందుకులే అని మానేశా. బిడ్డ పుట్టాక కూడా 180 రోజులు రోజూ వేసుకోవాలట. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. వేసుకున్న వెంటనే టీ తాగకూడదు.

ఆటోలో వస్తుంటే అమ్మ మెల్లగా అంది. ‘‘నువ్వు పుట్టినప్పుడు నాకూ గిట్లనే అయ్యేది. బాలింతలకు గిట్లనే ఉంటదన్నరు. ఊకున్న.’’

‘‘ఎన్నాళ్లుంది?’’

‘‘ఏమో బిడ్డా, యాదికి లేదు.’’

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. వాళ్లలో ‘ఊకున్నవాళ్లు’ ఎంతమందో!

మర్నాడు అమ్మకీ పరీక్ష చేయించా. 9.8 వచ్చింది. మూడు వారాలయ్యేసరికి నా దడ చాలా తగ్గింది. ఇప్పుడు రోజూ ఒకరికొకరం గుర్తుచేసుకుని మాత్ర వేసుకుంటున్నాం. అమ్మ టీ మాత్రం గంటన్నర లేటు. దానికి రోజూ నన్ను తిడుతోంది!