48 గంటల సినిమా

మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఏడింటికి. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఆ వార్డు సెల్లార్‌లో ఉంది, సిగ్నల్ అందదు. అందుకే ఆదివారం రాత్రి ఒక పాత సినిమా అద్దెకు తీసుకుని, ఆయన ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసిచ్చాను.

సోమవారం సగం చూసి నిద్రపోయారట. బుధవారం తెరిస్తే ‘గడువు ముగిసింది’ అని వచ్చింది. చూడటం మొదలుపెట్టాక 48 గంటలే టైము. సరిగ్గా డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య అయిపోయింది.

‘‘సినిమా ఇందులోనే ఉందన్నావు కదరా, మరెందుకు రాదు?’’ అన్నారు నాన్న.

నిజమే, ఫైల్ అందులోనే ఉంది. కాకపోతే తాళం వేసి ఉంది. తాళంచెవి యాప్ చేతిలో ఉంటుంది. గడువు దాటితే ఇక తియ్యదు. ఇలాంటి తాళాలు తీసే దారులు ఇంటర్నెట్‌లో వెతుకుతూ ఆ రాత్రి పన్నెండు దాకా కూర్చున్నా.

ఈ పని నాకన్నా ముందు చేసి కోర్టుకెక్కిన కుర్రాడు గుర్తొచ్చాడు. నార్వేకి చెందిన యోన్ యోహాన్సెన్. డీవీడీల తాళం తీసే ‘డీసీఎస్ఎస్’ ప్రోగ్రామ్ 1999లో బయటికొచ్చినప్పుడు అతనికి 15 ఏళ్లు. నేను కొన్న డీవీడీ నా లినక్స్ కంప్యూటర్‌లో ఆడాలి కదా అన్నది అతని వాదన. 2003లో కోర్టు నిర్దోషి అని తేల్చింది. మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఎ సెక్షన్ చేర్చారు. హక్కులకు గండికొట్టే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా.

నాకు దొంగ ఉద్దేశం లేదు. కానీ యోహాన్సెన్ కొన్నాడు, నేను అద్దెకు తీసుకున్నా. 48 గంటలని ముందే రాసుంది. చదవకుండా ఓకే నొక్కింది నేనే. ల్యాప్‌టాప్ మూసేశా.

శుక్రవారం కోసం మళ్లీ డబ్బు కట్టాను. తీరా వెళ్తే పక్క బెడ్ ఆయన ఫోన్‌లో అదే సినిమా ఆడుతోంది. ఎవరో పంపిన దొంగ కాపీ. దానికి తాళం లేదు, గడువూ లేదు. ఇంత కట్టుదిట్టం చేసి వాళ్లు ఆపగలిగింది డబ్బు కట్టిన మా నాన్ననే!

ఇదంతా చెబితే ఆయన నవ్వారు.

‘‘అద్దింట్లో మనం మేకులు కొట్టకూడదు, ఒప్పుకుంటా. అలాగని ఇంటాయన మనం అన్నం తింటుండగా లైటు ఆపెయ్యకూడదు కదరా?’’