కెమెరా బ్యాగు కొనేముందు నేను పడ్డ తిప్పలు

 

పోయిన నెల నేను పెట్టిన అవ్వ ఫోటో చూసి చాలామంది మెసేజ్ చేశారు. అందులో ముగ్గురు మాత్రం "తమ్ముడూ, కెమెరా ఎట్టా మోస్తున్నావు, ఏ బ్యాగు కొన్నావు?" అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఆ బ్యాగు వెనక ఆరు నెలల కథ ఉంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది సూళ్లూరుపేట దగ్గర యానాది కాలనీ. మా అవ్వ పుట్టింది శ్రీహరికోటలోనే. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని 1969లో ఎంపిక చేశారని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. అవ్వకు ఆ సంవత్సరం లెక్క తెలీదు. "మీ నాయన పుట్టకముందు ఇవతలికొచ్చాం" అంటుంది, అంతే. నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా. అమ్మ కూలికి పోతుంది, పని లేనిరోజు పులికాట్‌లో రొయ్యలు పడుతుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు డిగ్రీ, ఉండేది హాస్టల్లో.

సెలవుల్లో ఒక ఫోటోగ్రాఫర్ అన్న దగ్గర పెళ్లిళ్లకు లైటు పట్టుకోవడానికి పోయేవాణ్ణి. రెండేళ్ల కూలి డబ్బు, కొంచెం స్కాలర్‌షిప్పు కలిపి ఆయన దగ్గరే పాత కెమెరా కొన్నాను. కెనాన్ 1500డి, దాంతోపాటు రెండు లెన్సులు, 18-55, 55-250. మొత్తం పద్దెనిమిది వేలు. మా ఇంట్లో అంత ఖరీదైన వస్తువు ఇంకోటి లేదు. దాన్ని కాలేజీ బ్యాగులో పాత తువ్వాలు చుట్టి పెట్టుకుని తిరిగేవాణ్ణి.

2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం. జీఎస్ఎల్వీ-ఎఫ్15, పొద్దున 6 గంటల 23 నిమిషాలకు. అవ్వను ముందు నిలబెట్టి, ఆమె పుట్టిన దీవి మీంచి రాకెట్ లేస్తుంటే ఫోటో తీయాలని నా కోరిక. తెల్లారకముందే మామ ఆటోలో పులికాట్ ఒడ్డుకు పోయాం. మంచు పడుతోంది. కాళ్ల కింద బురద. బ్యాగు కింద పెట్టే చోటు లేదు. లెన్సు మార్చాలి. అదేమో అడుగున ఉంది. దానిమీద చార్జరు, రెండు పుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా. బ్యాగు మోకాలిమీద పెట్టుకుని ఒంటికాలిమీద నిలబడి వెతుకుతున్నా. ఈలోపు జనం "లేచింది, లేచింది" అని అరిచారు. ఒక చేతిలో అన్నం డబ్బా, ఇంకో చేతిలో తువ్వాలు. కెమెరా ఎత్తేసరికి ఆకాశంలో పొగ చార మాత్రం మిగిలింది. శబ్దం ఆ తర్వాత వచ్చింది. పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటే అది మనదాకా రావడానికి ముప్పావు నిమిషం పడుతుంది. ఆ గుడగుడ వింటూ బురదలో నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

"ఇంకోటి లేస్తాది లేబ్బయ్యా, అవి లేస్తానే ఉంటాయి" అంది అవ్వ.

మంచి బ్యాగు కొనాలని ఆ రోజే అనుకున్నా.

రెండో సంగతి మార్చిలో జరిగింది. ఒక పెళ్లి పని ముగించుకుని రాత్రి పదకొండుకి ఒక బస్టాండులో కూర్చున్నా. ఏ ఊరో వద్దులే. యూనిఫాంలో ఉన్న ఒకాయన వచ్చి "ఏముందిరా అందులో?" అన్నాడు.

"కెమెరా సార్."

"ఎవరిది?"

"నాదే సార్."

"నీదా? ఏ ఊరు నీది? ఏ కాలనీ?"

చెప్పాను. కాలనీ పేరు వినగానే ఆయన గొంతు మారింది. బిల్లు చూపించమన్నాడు. పాత కెమెరాకి బిల్లెక్కడిది? తువ్వాలు విప్పి అందరి ముందు బల్లమీద పెట్టించాడు. ఫోటోగ్రాఫర్ అన్న ఫోన్లో చెప్పినా నమ్మలేదు. ఆయన బండేసుకుని వచ్చేదాకా నలభై నిమిషాలు నిలబెట్టాడు. బస్సు కోసం కూర్చున్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఒకామె తన సంచి దగ్గరికి లాక్కుంది.

బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం గురించి ఈ గ్రూపులో చాలాసార్లు మాట్లాడుకున్నాం. మన యానాదుల్లో కొందర్ని కూడా ఆ జాబితాలో రాశారు. 1952లో ఆ చట్టం పోయింది. పోయి డెబ్బై ఏళ్లు దాటింది. ఆ రాత్రి బస్టాండులో మాత్రం అది పోయినట్టు నాకనిపించలేదు. మా క్లాసులో ఇంకొకడి దగ్గర నా కెమెరా కంటే ఖరీదైనది ఉంది. మూడేళ్లలో ఒక్కరూ వాణ్ణి బిల్లు అడగలేదంట.

అప్పట్నుంచి నా బుర్రలో ఒకటే గొడవ. చిరిగిన బ్యాగులో పెడితే దొంగిలించావంటున్నారు. మంచి కెమెరా బ్యాగు వేసుకుంటే "వీడికెక్కడిది?" అంటారు. పైగా కెమెరా బ్యాగని పేరు రాసుంటే నిజం దొంగలు కూడా వెంటపడతారు. రెండు నెలలు దుకాణాల్లో చూశాను, ఫోన్లో చూశాను, ఏదీ కొనలేకపోయాను.

చివరికి దారి చూపించింది మా ఇంట్లోవాళ్లే. మే సెలవుల్లో అమ్మతో పులికాట్‌కి పోయాను. అమ్మ నడుంలోతు నీళ్లలో కూర్చున్నట్టు వంగి, రెండు చేతులతో అడుగు తడుముతూ రొయ్యలు పడుతుంది. తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటుంది. రొయ్య దొరకగానే నేరుగా బుట్టలోకి. బుట్ట కింద పెట్టేది లేదు, వెనక్కి తిరిగేది లేదు. చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం గట్టున కూర్చుని నాలో నేనే నవ్వుకున్నా. నాక్కావాల్సిన బ్యాగు అదే కదా! రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కింద పెట్టకుండా వస్తువు తీయాలి, పెట్టాలి.

ఇంక దాన్ని బట్టే వెతికాను. నాకు తెలిసింది చెప్తా, మీకు పనికొస్తుంది.

కొన్ని బ్యాగులు ముందువైపు సూట్‌కేసులా మొత్తం తెరుచుకుంటాయి. స్టూడియోలో బాగుంటాయి. బురదలో, ఇసకలో వెల్లకిలా పడుకోబెడితే పట్టీలన్నీ పాడు. కొన్ని వీపు ఆనే వైపు తెరుచుకుంటాయి. వెనకనుంచి ఎవరూ జిప్పు లాగలేరు కాబట్టి బస్సుల్లో, రైళ్లలో అవి భద్రం. కానీ అవీ కింద పెట్టి తీయాల్సినవే. ఒక భుజానికి వేసుకునేవి చప్పున ముందుకొస్తాయి గానీ, బరువు మూడు కిలోలు దాటితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పక్కన తలుపు ఉండేవి ఇంకో రకం. ఒక పట్టీ జార్చి బ్యాగును చంక కిందనుంచి ముందుకు తిప్పితే తలుపు చేతికొస్తుంది. నేను ఇదే తీసుకున్నా.

బరువు సంగతి నాయన తేల్చాడు. గుంట దగ్గర రొయ్యలు తూచే కాటా మీద అన్నీ పెట్టించాడు. కెమెరా, రెండు లెన్సులు కలిపి కిలో పైచిలుకు. ట్రైపాడ్ కిలోంబావు. నీళ్ల సీసా ఒక కిలో. చార్జరు, అన్నం డబ్బా, పుస్తకం, బ్యాగు సొంత బరువు అన్నీ కలిపితే ఐదు కిలోలు దాటింది. "భుజాల మీద వేలాడితే నడవలేవు. వీపుకు అతుక్కోని, నడుం మీద నిలబడాల. ముందు కావాల్సింది పైనుండాల" అన్నాడు నాయన. ఆయన ఎన్నో ఏళ్లు కట్టెల మోపు, చేపల గంప మోసిన మనిషి. అందుకే వెడల్పాటి భుజం పట్టీలు, ఛాతీ దగ్గర క్లిప్పు, నడుం పట్టీ ఉన్నది చూశాను.

కొనేముందు టేపుతో కొలవండి. పెద్ద లెన్సు తగిలించిన కెమెరా పొడవు కొలిచి, బ్యాగు లోపలి కొలతతో చూసుకోండి. పెట్టెమీద రాసేది చాలాసార్లు బయటి కొలత. ట్రైపాడ్ కట్టే జేబు, తలుపు ఒకే పక్క ఉంటే తలుపు తెరుచుకోదు. ఇది దుకాణంలోనే చూసుకోవాలి. నీళ్ల సీసా ఎప్పుడూ కెమెరా గది బయటే ఉండాలి. బట్ట తడవదని రాసున్నా జిప్పుల్లోంచి నీళ్లు దిగుతాయి. వాన తొడుగు కావాల్సిందే. అది లేకపోతే ఒక పెద్ద పాలిథిన్ కవరు మడిచి పెట్టుకోండి.

మన కోస్తావాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలి, చెమ్మ కెమెరాకు శత్రువులు. ఇంటికి రాగానే బ్యాగులోంచి కెమెరా తీసేయండి. లోపలి మెత్త చెమ్మ పట్టి ఉంచుతుంది, లెన్సుకు బూజు పడుతుంది. నేను హాస్టల్లో గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెడతా. దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం. బ్యాగును తడిగుడ్డతో తుడిచి నీడన ఆరేస్తా.

డబ్బు లేనివాళ్లు బ్యాగే కొనక్కర్లేదు. లోపల పెట్టుకునే మెత్తటి గదుల పెట్టె విడిగా దొరుకుతుంది, వెయ్యి లోపే. మీ కాలేజీ బ్యాగులో అది దించితే చాలు. నేను కూడా ముందు అదే కొందామనుకున్నా. పక్క తలుపు కోసమే 2,300 పెట్టాను. జూన్‌లో కొన్నాను. బూడిద రంగు, పైన ఏ పేరూ కనపడదు, మామూలు పుస్తకాల బ్యాగులా ఉంటుంది.

బస్టాండు సంగతికి మాత్రం ఏ బ్యాగూ జవాబు చెప్పదు. దానికి కాగితం పెట్టుకున్నా. ఫోటోగ్రాఫర్ అన్న చేత తెల్లకాగితం మీద రాయించాను. కెమెరా మోడల్, సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, డబ్బు, ఆయన సంతకం, ఫోను నంబరు. దాని జిరాక్సు, కాలేజీ ఐడీ జిరాక్సు పై జేబులో ఉంటాయి. సీరియల్ నంబరు ఫోటో తీసి నాకు నేనే మెయిల్ పంపుకున్నా. పాత కెమెరా, పాత ఫోను, పాత లాప్‌టాప్ ఏది కొన్నా మీరూ ఇట్లా రాయించుకోండి. రేపు నిజంగా దొంగతనం జరిగినా ఫిర్యాదుకు ఆ నంబరే ఆధారం.

అట్లా రాయించుకునేటప్పుడు సంతోషంగా లేదని కూడా చెప్పాలి. నా వస్తువు నాదని కాగితం మోసుకు తిరగాల్సి రావడం నాకింకా మింగుడుపడదు. ఆ కాగితం బరువు నాయన కాటాలో తూగలేదు. కానీ అది లేదని కెమెరా ఇంట్లో పెట్టి కూర్చుంటే, అప్పుడు మన ఊరి ఫోటోలు కూడా వేరేవాళ్లే తీయాలి.

జులై 30. నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ ఉపగ్రహంతో జీఎస్ఎల్వీ-ఎఫ్16. సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు. మళ్లీ అదే ఒడ్డు, అదే బురద. పొద్దు పడమట ఉంది, వెలుతురు అవ్వ మొహం మీద పడుతోంది. పట్టీ జార్చి బ్యాగు ముందుకు తిప్పాను, తలుపు తీశాను, లెన్సు ముందే తగిలించి ఉంది. బ్యాగు కింద పెట్టలేదు.

నేను అనుకున్న ఫోటో అయితే రాలేదు. రాకెట్ లేవగానే అవ్వ నాకు వీపు చూపించి దీవివైపు తిరిగిపోయింది. ఎంత పిలిచినా తిరగలేదు. తలమీద కొంగు, దాని పైన చిన్న నిప్పు చుక్క. మీరందరూ చూసింది ఆ ఫోటోనే. శబ్దం మాదాకా వచ్చి తగ్గినాక అవ్వ అడిగింది: "ఆ చెట్ల కాణ్ణే కదబ్బయ్యా మా గుడిసెలుండింది?"

నాకెట్టా తెలుస్తుంది? అవునన్నాను.

నవంబర్ నుంచి నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు ఉంటాయి. ఎవరైనా వస్తే చెప్పండి. కెమెరా, బ్యాగు రెండూ ఇస్తా, తీసి చూద్దురు. కాగితం కూడా అందులోనే ఉంటుంది. అన్నం డబ్బా మాత్రం వేరే సంచిలో తెచ్చుకోండి.