ఆర్మూర్ వాడకట్టులో ఒక నోటుబుక్కు

కరోనా తొలి నెలల్లో ఆర్మూర్ ప్రాంతపు బలహీనులను కాపాడటం అంటే మొదట ఇంటి లోపలి ఏర్పాటును అర్థం చేసుకోవడం. నిజామాబాద్ జిల్లాలో పసుపుకు పేరున్న ఈ పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో మామూలు కుటుంబం దాదాపు ఒకేలా కనిపిస్తుంది. మగమనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఆడమనిషి చాట ముందు కూర్చుని బీడీలు చుడుతుంది. పిల్లలు నాయనమ్మ దగ్గర పెరుగుతారు. ఐరోపా, అమెరికా దేశాల్లో తొలి దశ మరణాల్లో చాలా భాగం వృద్ధాశ్రమాల్లో జరిగాయి. అక్కడ ముసలివాళ్లు ఒకచోట చేరి ఉన్నారు కాబట్టి ఆ చోటును కాపాడాలన్న ఆలోచనకు తావుంది. ఆర్మూర్‌లో ముసలివాళ్లకు విడిగా చోటు లేదు. అరవై దాటినవాళ్లు ఇతరులకు దూరంగా ఉండాలన్న సలహా రేడియోలో, టీవీలో రోజూ వినిపించింది. నాయనమ్మ దూరంగా ఉంటే పొయ్యి వెలిగించేదెవరు, పసిపిల్లను ఎత్తుకునేదెవరు అన్నది ఆ సలహాలో లేదు.

ఒక పత్రిక సంపాదకుడు పసుపు మీద రాసుకురమ్మని పంపితే ఈ వ్యాసకర్త అక్కడికి వెళ్లింది పసుపు ఉడకబెట్టే రోజుల్లో. కళ్లాల్లో కొమ్ములు ఆరుతున్నాయి, దారంతా ఉడికిన పసుపు వాసన. చూడవలసినవి చాలానే ఉన్నాయి: సిద్ధులగుట్ట రాళ్లు, అంకాపూర్ విత్తనాల వ్యాపారం, పాలిష్ డ్రమ్ములు. అవేవీ చూడకుండానే ఒక పూటంతా ఒక వాడకట్టులో, ఒక ఇంటి అరుగు మీద గడిచిపోయింది. అందుకు కారణం ఒక బీడీ కార్మికురాలి చేతులు.

తునికాకును ముందు నీళ్లలో తడుపుతారు. తడి గుడ్డలో చుట్టి ఉంచితే ఆకు మెత్తబడుతుంది. ఆ తర్వాత రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోస్తారు. ఎడమచేతి వేళ్ల మీద ఆకు, కుడిచేతి చిటికెలో తంబాకు. బొటనవేలు ఒక్కసారి కదిలితే ఆకు గొట్టమవుతుంది, చిన్న పుల్లతో మూతి మడతపడుతుంది, దారం రెండు చుట్లు తిరిగి తెగుతుంది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. పొద్దు పొడిచింది మొదలు ఇంటిపని మధ్య మధ్య చుడితే దీపాలు పెట్టే వేళకు వెయ్యి అవుతాయి. చేతులను చూడకుండానే, పక్కింటావిడతో మాట్లాడుతూనే ఆ పని సాగిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు అదే పని చేసిన బొటనవేలి చివర అద్దంలా నున్నబడుతుంది. ఆ వేలును వేలిముద్ర యంత్రం మీద పెడితే యంత్రం మనిషిని గుర్తుపట్టదు. రేషన్ దుకాణంలో ఒకసారి, పింఛను ఇచ్చే తపాలా కార్యాలయంలో ఇంకోసారి వేలు తుడిచి, మళ్లీ పెట్టి, చివరకు వేరే వేలు పెట్టాల్సి వచ్చేది. అంటువ్యాధి కాలంలో అందరూ తాకే అలాంటి గాజుపలక మీద మళ్లీ మళ్లీ వేలు పెట్టడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

తెలంగాణలో తొలి కేసు 2020 మార్చి 2న బయటపడింది. మార్చి మధ్యలో బడులు మూతపడ్డాయి. మార్చి 22 జనతా కర్ఫ్యూ సాయంత్రమే రాష్ట్ర ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది. 25 నుంచి అది దేశమంతటికీ వచ్చింది. రాష్ట్రంలో గడువు మొదట మార్చి 31 దాకా, తర్వాత ఏప్రిల్ 30 దాకా, మే 7 దాకా, మే 29 దాకా జరుగుతూ పోయింది. సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఆరు దాకా రాత్రి కర్ఫ్యూ. సరుకులకు మూడు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్న నిబంధన. బీడీ కంపెనీలు మూతపడితే, ఇళ్లకు పని ఇచ్చే టేకేదారు దగ్గర ఆకూ లేదు, తంబాకూ లేదు. అసలే నెలలో సగం రోజులకు మించి పని దొరకని చోట ఆ సగమూ పోయింది.

ప్రభుత్వం ఇచ్చింది తక్కువేమీ కాదు. ఈ సంగతి ఒప్పుకోవాలి. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబంలో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వచ్చేచోట 12 కిలోలు ఉచితంగా ఇచ్చారు. కార్డుకు 1,500 రూపాయలు బ్యాంకులో వేశారు, ఖాతా లేనివారికి తపాలా కార్యాలయంలో చేతికిచ్చారు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కూలీలకు 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు. కేంద్రం జన్‌ధన్ ఖాతాలున్న స్త్రీలకు ఏప్రిల్ నుంచి మూడు నెలలపాటు నెలకు 500 చొప్పున వేసింది. తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 211 నుంచి 237కు పెరిగింది. అంగన్‌వాడీలు మూసినా గర్భిణులకు, బాలింతలకు గుడ్లు, సరుకులు ఇళ్లకు చేరాయి, పసిపిల్లలకు బాలామృతం పొట్లాలు అందాయి.

ఇంత ఇచ్చినా అరుగు మీద వినిపించే ఫిర్యాదు ఒక్కటే, కార్డు గురించి. వరుసగా మూడు నెలలు బియ్యం తీసుకోలేదన్న కారణంతో కొన్ని రేషన్ కార్డులకు 1,500 రూపాయలు జమ కాలేదు. ఆ వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతే ఆమె వాటా బియ్యం ఆ ఊళ్లోనే ఉండిపోయింది. మూడు కిలోమీటర్లు దాటకూడని రోజుల్లో పుట్టిల్లు ముప్పై కిలోమీటర్లయినా మూడొందల కిలోమీటర్లయినా ఒకటే. రైతుబంధు సాయం పట్టాదారుకు వచ్చేది, కౌలుకు చేసేవాడికి వచ్చేది కాదు. బీడీ కార్మికుల పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. దానికి 2014 ఫిబ్రవరి 28 లోపు భవిష్యనిధిలో పేరు నమోదై ఉండాలన్నది షరతు. ఆ తేదీ తర్వాత చాట పట్టిన వయసు పిల్లలకు, మొదటి నుంచీ ఇంకొకరి బీడీ కార్డు మీద బీడీలు అప్పజెప్పినవాళ్లకు అది అందలేదు. చుట్టిన చేతులు ఒకరివి, కంపెనీ పుస్తకంలో పేరు ఇంకొకరిది. మామూలు రోజుల్లో అత్తాకోడళ్ల మధ్య, అక్కాచెల్లెళ్ల మధ్య సర్దుబాటుగా సాగిపోయిన ఈ ఏర్పాటు లాక్‌డౌన్ రాగానే ఒక మనిషిని లెక్కలోంచే తీసేసింది.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సంగతి దీనికి ఎదురు. వాళ్ల పేర్లు మాత్రం లెక్కలో గట్టిగా పడ్డాయి. మార్చిలో విదేశాల నుంచి దిగినవారి చేతి మీద చెరగని సిరాతో ముద్ర వేసి పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండమన్నారు. మాట వినకపోతే పాస్‌పోర్టులు రద్దు చేయిస్తామని, హోం క్వారంటైన్‌లో ఉన్నవారి పాస్‌పోర్టులు స్వాధీనం చేసుకోవాలని ముఖ్యమంత్రి కలెక్టర్లను ఆదేశించారు. ఈ ప్రాంతంలో పాస్‌పోర్టు అంటే భూమి పట్టా లాంటిది. దాని మీదే అప్పు పుడుతుంది, దాని మీదే ఆడపిల్ల పెళ్లి నడుస్తుంది. వ్యాధి భయం కంటే ఆ భయమే చాలామందిని గదిలో కూర్చోబెట్టిందంటే నమ్మవచ్చు. గది అన్నది కూడా మర్యాదకు అన్న మాటే. రెండు గదుల ఇంట్లో ఒకటి అతనికి ఇస్తే తల్లి, భార్య, పిల్లలు రెండో గదిలో సర్దుకోవాలి, స్నానాల చోటు అందరికీ ఒకటే. అలాంటి ఇళ్లలో కొందరు పశువుల కొట్టంలోనో పొలం దగ్గరి షెడ్డులోనో రోజులు గడిపారు. ఏళ్ల తర్వాత వచ్చిన తండ్రిని పిల్లలు కిటికీలోంచి చూశారు.

ఈ జిల్లా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల మాట పంచాయతీ మాట కంటే బలంగా చెల్లుతుంది. జరిమానాలు, సాంఘిక బహిష్కారాల విషయంలో వాటి మీద ఫిర్యాదులు పాతవే. కరోనా కాలంలో ఊరి పొలిమేరకు కట్టెలు, ముళ్లకంపలు అడ్డం పెట్టి, రాకపోకలను కట్టడి చేసిన ఊళ్లు తెలంగాణ అంతటా ఉన్నాయి. గత్తర (కలరా) వచ్చిన కాలంలో పెద్దలు చేసినట్టే చేశామని ముసలివాళ్లు చెబుతారు. పసుపు, వేపాకు కలిపిన నీళ్లు గడపలకు చల్లారు. పొలిమేర కాపలా కొంత మేలు చేసి ఉండవచ్చు. కానీ ముళ్లకంప ఊరిని కాపాడుతుంది, ఊళ్లో ఉన్న ఇంటిని కాదు. కైకిలికి పక్క ఊరు వెళ్లే ఒంటరి స్త్రీకి ఆ కంపే అడ్డం.

ఆర్మూర్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్‌ను నాగపూర్ వైపు కలుపుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఉత్తరాది కూలీలు ఆ దారినే నడిచిపోయారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక్ రైలు బయలుదేరింది. అప్పటికే ఎంతోమంది ఈ తారురోడ్డు మీద ఉన్నారు. దారి పక్క ఊళ్లవాళ్లు అన్నం పొట్లాలు, మజ్జిగ, పాత చెప్పులు ఇచ్చారు. ఇదే జిల్లా బోధన్‌లో ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ఒకామె ఏప్రిల్ 6న స్కూటీ మీద బయలుదేరి, నెల్లూరు జిల్లాలో చిక్కుకున్న కొడుకును వెనక కూర్చోబెట్టుకుని తిరిగి వచ్చింది. రానూపోనూ 1,400 కిలోమీటర్లు. దేశమంతా ఆమెను మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. అయితే పోలీసుల అనుమతి చీటీ రాయించుకోగల ఉద్యోగం, నడిపేందుకు బండి ఆమెకు ఉన్నాయి. అదే ఏప్రిల్‌లో మస్కట్ క్యాంపులో ఉన్న కొడుకు కోసం బయలుదేరే దారి ఏ తల్లికీ లేదు. గల్ఫ్ నుంచి మనుషులను తెచ్చే వందేభారత్ విమానాలు మే 7న గానీ మొదలుకాలేదు.

పసుపు సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మార్చి 31న కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ రోగనిరోధక శక్తికి పసుపు పాలు తాగమంది: 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అర చెంచా పసుపు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆర్మూర్ రైతు పసుపు ఇళ్లలో, కళ్లాల్లో బస్తాలకెత్తి ఉంది. నిజామాబాద్ యార్డు మూసి ఉంది, మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు పోయే దారి లేదు. వడ్లు, మక్కలు ఊళ్లలోనే కొనే కేంద్రాలు తెరిచారు గానీ పసుపు కొనేవాళ్లు లేరు. క్వింటాలుకు 15,000 రూపాయలు కావాలని అడిగిన రైతులు, అందుకోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది నామినేషన్లు వేసి నిలబడిన రైతులు, దేశం పసుపు పాలు తాగుతుంటే బస్తాల పక్కన పడుకున్నారు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసిన ఆడకూలీల బాకీ ఆ బస్తాలు అమ్ముడైతేనే తీరేది. ఆ కూలీలకు పట్టా లేదు, బీడీ కార్డు లేదు. పసుపు రాసుకున్న గోళ్లే గుర్తింపు.

ఈ కార్డులన్నిటికీ భిన్నమైన జాబితా ఒకటి ఆ వాడకట్టులో ఉండేది. అది ఆశా కార్యకర్త నోటుబుక్కు. పిల్లలు బడిలో వాడే రెండొందల పేజీల పుస్తకం, మూలలు తెలంగాణ ఎండకు, చెమటకు ముడుచుకుపోయాయి. ఇంటి వరుసన పేర్లు. కార్డు ఉందా లేదా అన్న గడి అందులో లేదు. ఎంతమంది, వయసు, బీపీ, షుగర్, నెల తప్పినవాళ్లు, దుబాయి నుంచి దిగిన తేదీ, దగ్గు ఎన్నో రోజు. పై నుంచి వచ్చిన ఫారంలో లేని గడి ఒకటి ఆమె సొంతంగా గీసుకుంది: వండేది ఎవరు? బీపీ, షుగర్ ఉన్న ముసలావిడే వండే ఇల్లయితే పేరు కింద ఎర్రగీత. ఆ గీత ఉన్న ఇంటికి రోజు విడిచి రోజు వెళ్లేది, మందులు ఆరోగ్య కేంద్రం నుంచి తనే తెచ్చి గడప మీద పెట్టేది. ఇంకొకరి కార్డు మీద బీడీలు చుట్టే కోడలు, అద్దెకుండే బీహారీ హమాలీ, కౌలు రైతు, అందరూ ఆ పుస్తకంలో ఉన్నారు. వ్యాధి ఎవరికి ముందు ప్రాణం మీదికి తెస్తుందన్న ప్రశ్నను అంత సూటిగా అడిగిన కాగితం ఇంకొకటి ఆ వాడలో కనిపించలేదు.

అలాంటి పుస్తకాలను ఎవరూ అడిగి తీసుకోలేదు. ఫారాలు పైకి వెళ్లాయి, అంకెలు పైకి వెళ్లాయి, నోటుబుక్కులు ఇళ్లలో ఉండిపోయాయి. రాష్ట్రంలో ఆశా కార్యకర్తలకు అప్పట్లో నెలకు 7,500 రూపాయలు, 2021లో 9,750 అయింది. దాన్ని జీతం అనరు, పారితోషికం అంటారు. మాట మారితే సెలవులు, పింఛను కూడా మారతాయి కాబట్టి ఆ మాటను ప్రభుత్వాలు జాగ్రత్తగా కాపాడుకుంటాయి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ కలిపి పురస్కారం ప్రకటించింది. పసుపుకు మాత్రం బోర్డు వచ్చింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది, అదే ఏడు జూన్ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు. రైతులు ఏళ్ల తరబడి కొట్లాడి సాధించుకున్నది, సంతోషమే.

నోటుబుక్కు ఇంకా ఆమె ఇంట్లో ఉంది. ముందు పేజీల్లో 2020 నాటి ఎర్రగీతలు. వెనక పేజీల్లో వేరే సిరాతో బీడీ కట్టల లెక్క. పారితోషికం చాలక పొద్దున, రాత్రి ఆమె కూడా చాట ముందు కూర్చుంటుంది. కట్టలు అత్తగారి కార్డు మీద ఇస్తుంది.